గంగాదేవి పెట్టిన సాలు

నల్లమాడ చుట్టుపక్కల మెట్టపల్లెల్లో ఆడపిల్లకు గంగాదేవి అని పేరు పెట్టారంటే, అందులో ఆశ ఎంతుందో ఎగతాళీ అంతే ఉందనుకోవాలి. ఈమె పుట్టిన ఏడు వాన లేదు, ఆ మరుసటేడూ లేదు. పేరు పెట్టిన అవ్వ మాత్రం ఎవరికీ జవాబు చెప్పకుండా హాయిగా వెళ్లిపోయింది. ఇప్పుడు గంగాదేవికి ముప్పై ఎనిమిదేళ్లు. అనంతపురంలో ఒక యూనివర్సిటీ, అందులో భూగర్భశాస్త్ర విభాగం, ఆ విభాగం వరండా చివర ఉన్న కంప్యూటర్ గది ఆమెది. నాలుగు టేబుళ్లు, కారే ఏసీ, దాని కింద ఒక బకెట్టు, గోడవారన రొద పెట్టే పెద్ద మిషను. కాగితాల మీద ఆమె కాంట్రాక్టు టెక్నికల్ అసిస్టెంటు. చేసే పని మాత్రం భూమి లోపల బండలు ఎట్లా నలిగి, ఎట్లా వంగి, ఎట్లా జారతాయో మిషను చేత లెక్క కట్టించడం. ఊళ్లో ఎవరైనా అడిగితే ‘కంప్యూటర్ పని’ అని ఊరుకునేది. అంతకంటే చెబితే నమ్మరని ఆమెకు అనుభవం.

ఈ పనిలోకి ఆమె వచ్చిన తీరు చెప్పాలి. లెక్కల్లో ఎమ్మెస్సీ పాసై, ఆర్టీసీలో కండక్టర్‌గా ఉన్న నాగేశ్వరను పెళ్లాడి, ఉద్యోగం దొరక్క యూనివర్సిటీ గేటు ఎదుట ఒక షాపులో థీసిస్‌లు టైపు చేసేది. ఒకసారి ఒక థీసిస్‌లో పట్టిక కింద మొత్తం తప్పుగా ఉంటే, ఎవరినీ అడగకుండా సరైన అంకె వేసి పంపింది. మర్నాడు ఆ థీసిస్ గైడు, ప్రొఫెసర్ రామలింగయ్య, స్వయంగా షాపుకు వచ్చాడు.

“నా పట్టికలో అంకె మార్చినదెవురు?”

“నేనే సార్. కూడితే అంతే వస్తాండాది.”

ఆయన బెంచీ మీద కూర్చుని పెన్సిలుతో కూడాడు. పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి. లేచి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “రేపు డిపార్ట్‌మెంటుకు రామ్మా,” అన్నాడు. అది పదకొండేళ్ల కిందటి మాట.

రామలింగయ్యది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఇల్లు. అన్నదమ్ములంతా కొట్లో కూర్చుంటే ఈయన ఒక్కడూ సుత్తి పట్టుకుని గుట్టల వెంట పడ్డాడు. అయినా కొట్టు ఆయన చేతుల్లోంచి పోలేదు. తరగతిలో రాతి పొరల గురించి చెప్పేటప్పుడు, బేరానికి వచ్చినవాళ్ల ముందు చీర మడతలు విప్పినట్టే విప్పేవాడు. ఆయనకు ఒక పట్టుదల ఉంది, ఇరవై ఎనిమిదేళ్లనాటిది. ముదిగుబ్బ దాటాక గుట్టల మధ్య ఒకచోట బండ పిండిపిండిగా నలిగిన సన్నటి పట్టీ నేల మీద కనిపిస్తుంది. లెక్కకు అందనన్ని ఏళ్ల కిందట రెండు పక్కల ఒత్తిడికి బండ తెగి జారిన చోటు అది. పైన రెండు బారల వెడల్పు కూడా లేదు. లోపలికి పోయేకొద్దీ అది ఎటు వాలుతుంది? తూర్పుకు అని రామలింగయ్య అంటాడు. పడమరకు అని, వేరే ఊళ్లో ప్రొఫెసర్‌గా ఉన్న వేణుగోపాల్ అంటాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే హాస్టల్ గదిలో ఉండి చదువుకున్నవాళ్లే. ఎక్కడ సభ జరిగినా ఈ తగువు జరిగేది. లోపలికి తొంగి చూసినవాడు ఎవడూ లేడు కనుక తెగేది కాదు.

ఈ జులై ముప్పై ఒకటికి రామలింగయ్య రిటైర్మెంటు. ఆ రోజే ఆయన చివరి ఉపన్యాసం. వేణుగోపాల్‌ను కూడా పిలిచారు. ఆ రోజున, ఆ మనిషి ఎదుట తన మాట నిలబడాలని పెద్దాయనకు ఉన్న కోరిక ఇంతా అంతా కాదు.

జూన్‌లో ఆ కోరిక తీరినట్టే అయింది. గంగాదేవి మిషను మీద భూమిలో ఒక నిలువు కోత తయారు చేసింది. అరవై కిలోమీటర్ల వెడల్పు, ముప్పై కిలోమీటర్ల లోతు, లక్షల కొద్దీ చిన్న గళ్లు. మధ్యలో బండ కాస్త మెత్తగా ఉన్న చోటొకటి పెట్టి, రెండు పక్కల నుంచి ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున నొక్కించింది. మిషను వెయ్యేళ్లకు ఒక అడుగు చొప్పున మూడు వేల అడుగులు నడిచింది. చివర వచ్చిన బొమ్మలో, బండ బాగా నలిగిన చోటును చూపే ఎర్రటి పట్టీ ఒకటి తూర్పుకు వాలి లోపలికి దిగింది.

రామలింగయ్య ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. “వాలిందమ్మా,” అన్నాడు. మళ్లీ, “తూర్పుకే వాలింది,” అన్నాడు. ఆ సాయంత్రం అటెండర్ మొదలుకొని అందరికీ మైసూర్‌పాకు పంచాడు. ఉపన్యాసం ఆహ్వాన కార్డు మీద ఆ బొమ్మే అచ్చు వేయించాడు.

ఇక్కడ ఒక సంగతి నిదానంగా చెప్పుకోవాలి. కథంతా దాని మీదే నడుస్తుంది. మిషను ఒక్కో అడుగు వేసినప్పుడల్లా ప్రతి గడి మీదా పడే ఒత్తిళ్లు ఒకదానికొకటి సరిపోవాలి. లక్షల గళ్ల లెక్క ఒక్క దెబ్బకు తేలేది కాదు. అందుకని మిషను ముందు ఒక ఊహ వేస్తుంది. ఎక్కడ ఎంత తేడా మిగిలిందో చూస్తుంది. పడమటి అంచు దగ్గర మొదలుపెట్టి, వరుసగా తూర్పు అంచు దాకా గళ్లను సరిచేసుకుంటూ పోతుంది. మళ్లీ తేడా చూస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఎన్ని చుట్లు తిరిగినా తేడా సున్నా కాదు, తగ్గుతూ పోతుందంతే. ఎక్కడో ఒకచోట ‘ఇంక చాలు’ అనాలి. ఎంత తేడా మిగిలితే చాలు అనాలో మనిషి ముందే రాసి పెట్టాలి. పుస్తకాల్లో దాన్ని టాలరెన్స్ అంటారు. గంగాదేవి తన ఫైల్లో తన సౌకర్యం కోసం ‘సాలు’ అని పేరు పెట్టుకుంది. వాళ్ల ఊళ్లో చాలును అట్లాగే పలుకుతారు. ఆ మాట రామలింగయ్యకు నచ్చింది. ఆయన్ను చూసి రీసెర్చి పిల్లలకూ అలవాటైంది. తిరుపతి నుంచి వచ్చిన పిల్లాడు కూడా ‘సాలు ఎంత పెట్టాలి మేడమ్’ అని అడిగేవాడు.

జూన్‌లో గంగాదేవి పెట్టిన సాలు నూరో వంతు. అంటే, ఆ అడుగు మొదట్లో ఎంత తేడా ఉందో దానిలో నూరో వంతుకు దిగగానే ఆపి ముందుకు పొమ్మని. ఆ ప్రోగ్రాము రాసినవాళ్లు అట్లాగే పెట్టి ఇచ్చారు, వాడేవాళ్లలో సగం మంది అట్లాగే వాడతారు. సాలును ఇంకా కిందికి దించి, బొమ్మ మారుతుందో లేదో చూసుకోవడం అసలైన పద్ధతి. బిగించేకొద్దీ బొమ్మ మారుతుంటే ఇంకా చాలలేదని అర్థం. ఎంత బిగించినా మారకపోతే అక్కడికి చాలు. ఈ సంగతి గంగాదేవికి తెలుసు, పిల్లలకు చెప్పేది కూడా. కానీ బొమ్మ చక్కగా వచ్చింది, సార్ మైసూర్‌పాకు పంచాడు. ఇంక కెలకడం దేనికనుకుంది.

జులై మూడో వారంలో ఉపన్యాసానికి గోడంత పెద్ద బొమ్మ కావాలని రామలింగయ్య అడిగాడు. ఆ వారం మిషను మీద ఇంకెవరి పనీ లేదు. పెద్ద బొమ్మ కనుక శుభ్రంగా రావాలని గంగాదేవి సాలును లక్షో వంతుకు దించింది. అదే బొమ్మ ఇంకాస్త తేటగా వస్తుందని ఆమె ధీమా. మధ్యలో బండ తెగే అడుగుల దగ్గర తేడా కిందికి దిగనని మొరాయించింది. అక్కడ వెయ్యేళ్ల అడుగును వందేళ్లకు తగ్గించి నడిపించింది. రెండు రోజులు పట్టింది. శుక్రవారం పొద్దున బొమ్మ తెరిచి చూస్తే ఒక పట్టీ లేదు, రెండున్నాయి. ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు, తెరిచిన కత్తెర మాదిరి. రెండూ సరిసమానంగా ఎర్రగా ఉన్నాయి.

ముందు తన చేతి తప్పే అనుకుంది. బండ గట్టితనం, వేడి, నొక్కే వేగం, అన్నీ జూన్ ఫైలుతో పక్కపక్కన పెట్టి చూసింది. సాలూ, దాని కోసం కుదించిన ఆ కొన్ని అడుగులూ తప్ప ఇంకేమీ మారలేదు. పది లక్షో వంతుకు దించి మళ్లీ నడవమని పెట్టి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి పోయింది. ఇంటివాళ్లు విత్తనం వేస్తున్నారు.

ఆదివారం పొద్దున చేని గట్టు మీద ఉండగా రామలింగయ్య ఫోను చేశాడు. “పెద్ద బొమ్మకు సాలు ఎంత పెట్టినావమ్మా?”

“బాగా దించి పెట్టినా సార్. ఇంకా నడుస్తాండాది.” అది అబద్ధం కాదు. అయితే రెండు పట్టీల సంగతి చెప్పకుండానే ఫోను పెట్టేసింది.

పక్కనే కూర్చుని బీడీ కాలుస్తున్న వాళ్ల నాయన దాసప్ప అంతా విన్నాడు. ఆ ఊళ్లో నాగలి గీతను కూడా సాలనే అంటారు. “ఏం పాపా, మీ ఆఫీసులో గూడా సాళ్లు తోలుతాండారా?”

“ఆ సాలు గాదు నాయనా. సాలు, ఇంక నిలుపు అంటారు చూడు, అది.”

“ఓ, అదా. అది మీ తమ్మునికి బాగా తెల్సులే. పొద్దన్నుంచి సాలు సాలు అనే అంటాండాడు.”

తమ్ముడు కేశవ చేని మధ్య ఎద్దులతో గొర్రు తోలుతూ శెనక్కాయ విత్తనం వేస్తున్నాడు. మిగతా పొలం ట్రాక్టర్‌తో అయిపోయింది. ఈ ముక్కలో రాతిగుండ్లు ఎక్కువ, ట్రాక్టర్ రాదన్నారు. ఎద్దులు తోలి నాలుగేళ్లయిన చెయ్యి. సాళ్లు చూడబోతే విల్లు వంచినట్టున్నాయి. దాసప్పకు అది కడుపుమంట.

“ఒరే, సూపు యాడ పెట్టినావురా? పక్క సాలును చూసుకోని తోలుతాండావు.”

“ఎంత నాయనా, బెత్తెడు గూడా ల్యా వంకర,” అన్నాడు కేశవ అక్కడి నుంచే.

“పక్కదానికి బెత్తెడే. గట్టు మీద రాయికి ఎంతో చూడు.”

గంగాదేవి చూసింది. చేని ఆ చివర గట్టు మీద దాసప్ప పాతిన తెల్లరాయి ఉంది. తోలేవాడు చూపు దాని మీద పెట్టి తోలాలని ఆయన పద్ధతి. కేశవ పక్క సాలును చూసి తోలాడు. ప్రతి సాలూ దాని ముందరి సాలుకు ఇంచుమించు సరిగానే ఉంది. ఆఖరి సాలు మాత్రం ఉండాల్సిన చోటికి నాలుగు గజాలు తూర్పుకు జరిగి ఉంది.

“అన్నీ తూర్పుకే ఎందుకు తిరిగినాయి నాయనా?”

“పడమటి గట్టు కాణ్ణుంచి గదా మొదలుపెట్టినాడు. మిగిలిన వంకరంతా ముందరికి నెట్టుకుంటా పోతాడు. యాడికి పోతాది మల్ల?”

“తూర్పు గట్టు కాణ్ణుంచి మొదలుపెట్టింటే?”

“పడమరకు తిరుగుతాయి. చేనుదేముండాది పాపా, అదే చేను.”

మధ్యాహ్నం గంగాదేవి సంగటి, ఊరుబిండి పచ్చడి ముందు పెట్టుకుని ముద్ద కలుపుతూ అట్లాగే కూర్చుంది. నూరో వంతు అన్నది దేనిలో నూరో వంతు? ఆ అడుగు మొదట్లో ఉన్న తేడాలో. బండ తెగే అడుగులో మొదటి తేడా కొండంత ఉంటుంది. కొండలో నూరో వంతు కూడా గుట్టే. ఆ గుట్టను మిషను పడమర నుంచి తూర్పుకు నెట్టుకుంటూ పోయి అక్కడ వదిలేసింది. తరవాతి అడుగు ఆ వంకర మీదనే మొదలైంది. మూడు వేల అడుగులు. తాను గట్టు మీద రాయి పాతనే లేదు, పక్క సాలును చూసి తోలింది.

సోమవారం గదికి పోగానే ముందు పది లక్షో వంతు బొమ్మ చూసింది. అదే కత్తెర. దాన్ని పక్కన పెట్టి జూన్ ఫైలు తీసింది. సాలు నూరో వంతే ఉంచింది, బండ అదే, ఒత్తిడి అదే. ఒక్క మాట మార్చింది: గళ్లను తూర్పు అంచు నుంచి సరిచేసుకుంటూ రమ్మని. బుధవారం పొద్దున బొమ్మ వచ్చింది. ఎర్రటి పట్టీ ఒక్కటే, చక్కగా, నిబ్బరంగా, పడమరకు వాలి ఉంది.

నవ్వు వచ్చేంత స్పష్టంగా ఉంది. భూమి చెప్పిందనుకున్న మాట భూమి చెప్పలేదు, తన సోమరితనం చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్లు ఎదురుచూసిన మనిషికి, చివరి జీతం రోజుకు వారం ముందు, ఆ సంగతి చెప్పాలి. తప్పు చేసింది తానేనని కూడా చెప్పాలి.

బుధవారం చెప్పలేదు. రామలింగయ్య గదిలో ఎవరో ఉన్నారని సాకు. గురువారం ఆయన ఒక్కడే ఉన్నాడు, ఆమె తలుపు దాకా పోయి ప్రింటరు కాగితాలు కావాలని అడిగి వచ్చేసింది. ఆ సాయంత్రం రామలింగయ్య భార్య రామసుబ్బమ్మ ఫోను చేసి, ఉపన్యాసానికి ఆకుపచ్చ అంచు చీర కట్టుకోవాలా, నేరేడుపండు రంగు చీర కట్టుకోవాలా అని పావుగంట మాట్లాడింది. “ఆయప్ప రాత్రిళ్లు గూడా ఆ తూర్పు తూర్పనే పలవరిస్తాండాడమ్మా,” అని నవ్వింది. గంగాదేవి నేరేడుపండు రంగు కట్టుకోమంది.

శుక్రవారం మొగునికి చెప్పింది. నాగేశ్వర పన్నెండు గంటలు బస్సులో నిలబడి వచ్చిన మనిషి, శ్రద్ధగానే విన్నాడు. “ఆయప్ప అడిగినాడా నిన్ను?”

“ల్యా.”

“అడగనిదానికి చెప్పేదెందుకు? ముప్పై ఒకటి దాటితే ఎవురికి గుర్తుంటాది? పోయే మనిషిని సంతోషంగా పోనీ.”

మాట మంచిదే, మనసులో కుళ్లు లేకుండా అన్నదే. గంగాదేవికి కూడా అది సబబుగా తోచింది. తోచినందుకే సిగ్గేసింది. పదకొండేళ్ల కిందట అడగనిదానికి చెప్పబట్టే కదా తాను ఆ గదిలో ఉంది. శనివారం పొద్దునకు, తూర్పు నుంచి మొదలుపెట్టించిన లక్షో వంతు లెక్క కూడా అదే కత్తెర ఇచ్చింది. మూడు బొమ్మలూ కాగితం మీద తీసుకుని పోయింది.

రామలింగయ్య టేబుల్ నిండా పాత ఉత్తరాలు సర్దుకుంటున్నాడు. ఆమె ఆయన ముందు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చూసి నవ్వాడు. “ఇదేమమ్మా, అద్దంలో తీసినావా?”

“కాదు సార్. అదే బండ. లెక్క తూర్పు పక్క నుంచి మొదలుపెట్టించినా, అంతే.”

నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, కళ్లలోంచి పోయింది. “సాలు ఎంత?”

“నూరో వంతు సార్. జూన్‌లో పెట్టిందే.” ఆమె మూడో బొమ్మ పెట్టింది. “లక్షకు దించితే ఇట్ల వస్తాండాది. పది లక్షలకు దించినా ఇదే. ఆ పక్క నుంచి మొదలుపెట్టినా, ఈ పక్క నుంచి మొదలుపెట్టినా ఇదే. ఇంక మారడం లేదు.”

“రెండు పక్కలా,” అన్నాడాయన.

“రెండు పక్కలా సార్.”

“అంటే తూర్పు కాదని గాదు.”

“తూర్పు కాదని గాదు, పడమర అని గాదు. మనం ఇచ్చిన లెక్కకు తెలీదు సార్, అంతే. తప్పు నాది. జూన్‌లోనే దించి చూడాల్సింది. బొమ్మ వచ్చేసరికి సాలనుకున్నా.”

రామలింగయ్య బొమ్మల మీద చెయ్యి పెట్టి, బట్ట నాణ్యం చూసేవాడిలా బొటనవేలితో కాగితం అంచు రుద్దుతూ కూర్చున్నాడు. ఆమె తిట్టినా బాగుండుననుకుంది. పదకొండేళ్లలో ఆయన ఒక్కసారి కూడా తిట్టలేదు. ఇప్పుడు తిడితే ఆ తిట్టు మోయడం ఇంతకంటే తేలికయ్యేది.

“ఇంకెవురైనా చూసినారా?”

“ల్యా సార్.”

“పెట్టి పో,” అన్నాడు. అమ్మా అనలేదు.

తరవాతి ఐదు రోజులూ ఆయన కంప్యూటర్ గది వైపు రాలేదు. వరండాలో ఎదురైతే తల ఊపి పోయేవాడు. గంగాదేవి తన పని తాను చేసుకుంది. పెద్ద బొమ్మ ఏది అచ్చు వేయించాలో ఎవరూ అడగలేదు. ఆయన తన ల్యాప్‌టాప్‌లోనే అన్నీ పెట్టుకుంటున్నాడని అటెండర్ బాలప్ప చెప్పాడు. ఆయన చూపిస్తే ఆ తూర్పు బొమ్మ ఒకటే చూపిస్తాడు, లేకపోతే అసలు ఏదీ చూపించడు, తనకేమిటని ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంది. ఆ నచ్చజెప్పుడు ఒక్క పూట కూడా నిలవలేదు.

ముప్పై ఒకటి, గురువారం సాయంత్రం నాలుగు గంటలకు హాలు నిండింది. గంగాదేవి వెనక తలుపు పక్కన, ఆఖరి వరుసలో ఒక కుర్చీ చూసుకుంది. ఆయన ఆ ఒక్క బొమ్మే చూపిస్తే లేచి బయటికి పోవచ్చని ఆలోచన. కూర్చోబోతుండగా నేరేడుపండు రంగు చీర కట్టుకున్న రామసుబ్బమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

“ఈడెందుకు, ముందర ఖాళీలుండంగా? రామ్మే.”

“వద్దులేమ్మా, ఈడ గాలి వస్తాండాది.”

“ముందర ఫ్యానుండాది, నడువు.” ఆమె పట్టు మామూలు పట్టు కాదు. గంగాదేవి మొదటి వరుసలో, మైకుకు ఎదురుగా, ఆమె పక్కన కూర్చోవలసి వచ్చింది. మధ్య దారికి అవతలి కుర్చీలో బట్టతల, తెల్లచొక్కాతో వేణుగోపాల్ ఉన్నాడు.

రామలింగయ్య బాగా మాట్లాడాడు. హాస్టల్ గదిలో వేణుగోపాల్ గురక గురించి చెప్పి నవ్వించాడు. ముదిగుబ్బ గుట్టల్లో మొదటిసారి ఆ నలిగిన పట్టీ చూసిన రోజు గురించి చెప్పాడు. తరవాత ల్యాప్‌టాప్ మీద వేలు నొక్కాడు. గోడ నిండా జూన్ బొమ్మ. ఎర్రటి పట్టీ తూర్పుకు వాలి ఉంది.

హాలంతా చప్పట్లు. విద్యార్థులు ఈలలు కూడా వేశారు. వేణుగోపాల్ తల వంచుకుని, మర్యాదకు రెండుసార్లు చేతులు కలిపాడు. రామసుబ్బమ్మ గాజులు గలగలలాడేలా కొడుతూ మోచేత్తో గంగాదేవిని పొడిచింది. గంగాదేవి చేతులు ఒడిలోంచి లేవలేదు. ఆమె కళ్లు పక్కకు తిప్పుకోవాలనుకుంది, అదీ చేతకాలేదు. మైకు దగ్గర నిలబడ్డ మనిషి వైపే చూస్తూ ఉండిపోయింది.

రామలింగయ్య నీళ్లు తాగాడు. గ్లాసు పెట్టి, మళ్లీ ఎత్తి, ఇంకొంచెం తాగాడు. చప్పట్లు ఆగిపోయాయి. ఆయన ల్యాప్‌టాప్ మీదికి వంగి ఏదో మూసి, ఇంకేదో వెతికి తెరిచాడు. గోడ మీద పట్టీ పడమరకు వాలి ఉంది.

వేణుగోపాల్ కుర్చీలోంచి సగం లేచాడు. ఈసారి చేతులు నిజంగానే చప్పట్లకు సిద్ధమయ్యాయి.

“కూర్చో వేణూ. ఇది నీది గూడా గాదు,” అన్నాడు రామలింగయ్య. హాలు నవ్వింది.

“రెండూ ఒకే బండ. ఒకే ఒత్తిడి. మిషను ఆ పక్క నుంచి లెక్క మొదలుపెడితే అట్ల, ఈ పక్క నుంచి మొదలుపెడితే ఇట్ల. తేడా ఎంత మిగిలితే సాలు అనేది మేము బిగించి పెట్టలేదు. మిగిలిన తేడానే నాకు తూర్పని చెప్పింది.” ఆయన కత్తెర బొమ్మ పెట్టాడు. “బిగించి చూస్తే ఇదీ. రెండు పక్కలా సమానం. ఆ పట్టీ తూర్పుకే వాలిందని నేను ఇప్పటికీ నమ్ముతాండా. నమ్మకం నాది. ఈ మిషను మాత్రం దానికి సాక్ష్యం చెప్పడంలే. చెప్పిందని కార్డులు గూడా అచ్చు వేయించినా, మీ అందరి చేతుల్లో ఉండాయి. ఆ కార్డు మీది బొమ్మ తప్పు. దీన్ని పట్టుకున్నది గంగాదేవి.”

మొదటి వరుసలో ఉన్న మనిషి కనుక అందరికీ కనపడింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. గంగాదేవి తల దించుకుంది.

సభ అయ్యాక వరండాలో టీ, బిస్కెట్లు. వేణుగోపాల్ చాలాసేపు రామలింగయ్య భుజం పట్టుకుని ఏదో మాట్లాడి, పోతూ పోతూ గంగాదేవి దగ్గర ఆగి, తన దగ్గర ఉన్న లెక్కలు కూడా ఒకసారి బిగించి చూడగలవా అమ్మా అని అడిగాడు. అందరూ పలచబడ్డాక రామలింగయ్య చేతిలో దండతో ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“నేను మూడు దినాలు చెప్పకూడదనే అనుకున్నా సార్,” అంది గంగాదేవి. లోపల పెట్టుకుని ఇంటికి పోలేననిపించింది.

“మూడేనా?” అన్నాడాయన. “నాకు ఐదు దినాలు సాలలేదమ్మా. ఆ ల్యాప్‌టాప్‌లో రెండు ఫైళ్లు పెట్టుకోని వచ్చినా. ఒకదాంట్లో ఒకే బొమ్మ. ముందర దాన్నే తెరిచినా.”

ఆమె తాగబోతున్న టీ ఆపి ఆయన వైపు చూసింది.

“అందురూ చప్పట్లు కొట్టినారు. ఇంక ముగించేద్దామనే నీళ్లు తాగినా. నువ్వొక్కదానివే కొట్టలే.” దండలోంచి రాలిన బంతిరేకులు చేత్తో దులుపుకున్నాడు. “అంత దగ్గర కూర్చున్యావు గాబట్టి కనపడినావు. యాడో యెనకాల కూర్చునింటే నాకు కనపడేదానివి గాదు.”

గంగాదేవి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆఖరి వరుసలో తలుపు పక్కన కుర్చీ చూసుకున్న సంగతి నోటి దాకా వచ్చింది. ఆ ఒక్కటీ ఆమె ఆయనకు చెప్పలేదు.